జబ్బు లేని రోజుల్లో జబ్బు ఎక్కడుంటుంది?



ఈ రోజు మీకొక పశువైద్య శాస్త్రవేత్త గురించి చెప్పాలని వచ్చాను. ఆయన పేరు వాల్టర్ ప్లౌరైట్. పుట్టింది ఇంగ్లండులో. పని చేసింది ఎక్కువగా తూర్పు ఆఫ్రికాలో. మన ఊళ్లలో ఈ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. కానీ మీ ఇంట్లో పాడి ఉన్నా, మీ తాతల కాలంలో అరక ఉన్నా, ఆయన చేసిన పని మీ పశువుల కొట్టం దాకా వచ్చింది.

పశువులకి జబ్బు చేస్తే ఏం చేయాలని అందరం అడుగుతాం. ప్లౌరైట్ ఆ ప్రశ్నతో పాటు ఇంకో ప్రశ్న కూడా అడిగాడు. జబ్బు లేని రోజుల్లో జబ్బు ఎక్కడుంటుంది? ఒక ఊరి మంద మీద పడి, సగం మందని తినేసి, తర్వాత రెండు మూడేళ్లు ఎక్కడా కనపడకుండా పోయిన వైరస్, ఆ రెండు మూడేళ్లూ ఎక్కడుంది? ఈ ప్రశ్నని దయచేసి గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు జబ్బు సంగతి చెబుతాను. దాని పేరు రిండర్‌పెస్ట్. పశువుల ప్లేగు అని కూడా అంటారు. ఈ తరం వాళ్లు చూసి ఉండరు. చూడనందుకు సంతోషించాలి. మొదట పశువుకి తీవ్రమైన జ్వరం వస్తుంది. మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది. కళ్ల వెంట నీరు, ముక్కు వెంట చీమిడి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద, పెదవుల లోపల తవుడు చల్లినట్టు పుండ్లు. చొంగ కారుతూ ఉంటుంది. ఇంకో రెండు మూడు రోజులకి పారుడు మొదలవుతుంది. రక్తం కలిసిన పారుడు. ఒంట్లో నీరంతా పోయి, పశువు కూలబడుతుంది. జబ్బు పడిన వారం పది రోజుల్లో ప్రాణం పోతుంది. అంతకుముందు ఆ జబ్బు ఎరగని మందలో అయితే పదింట ఎనిమిదో తొమ్మిదో పోయేవి. మళ్లీ చెబుతున్నాను. పదింట ఎనిమిదో తొమ్మిదో.

పశువు పోతే పాలు పోవడం ఒక్కటే కాదు. ఎద్దులు పోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే పంట లేదు. ఇది ఎంత దూరం వెళ్తుందో ఆఫ్రికా చూసింది. 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం తెచ్చిన పశువులతో ఈ జబ్బు ఎర్రసముద్రం ఒడ్డున మసావా రేవులో దిగింది. పదేళ్లు తిరక్కుండా ఖండం దక్షిణపు కొస దాకా పాకిపోయింది. ఇథియోపియాలో దున్నే ఎద్దులు లేక వచ్చిన కరువులో జనాభాలో మూడోవంతు పోయారని చరిత్రకారుల అంచనా. తూర్పు ఆఫ్రికాలోని మసాయి కాపరులు పశువుల మీదే బతికేవాళ్లు. వాళ్ల మందలు పోయాక వాళ్ల ఊళ్లూ పోయాయి.

మన దేశంలో ఈ జబ్బు అంతకన్నా చాలా ముందునుంచే ఉంది. ఇలాంటి పశువుల జబ్బులని పరిశోధించడానికే బ్రిటిష్ ప్రభుత్వం 1889లో పుణెలో ఒక ప్రయోగశాల పెట్టింది. 1893లో దాన్ని కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కి మార్చింది. జనావాసాలకి, మందలకి దూరంగా ఉండాలని. ఈనాటి భారత పశువైద్య పరిశోధన సంస్థ అక్కడినుంచి పెరిగిందే. 1920లో ఇంకో సంగతి జరిగింది. మన దేశం నుంచి బ్రెజిల్‌కి ఓడలో వెళ్తున్న పశువులని దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దింపారు. వాటితో జబ్బు యూరప్‌లో మళ్లీ రాజుకుంది. ఆ దెబ్బకి దేశాలన్నీ ఉలిక్కిపడి, 1924లో పారిస్ కేంద్రంగా ప్రపంచ పశు ఆరోగ్య సంస్థని పెట్టుకున్నాయి. బ్రెజిల్‌లో ఇవాళ నెలోర్ అని పిలిచే తెల్ల పశువులు మన నెల్లూరు పేరు మోస్తున్నాయని మీలో చాలామందికి తెలుసు. మన పశువులు సముద్రాలు దాటిన ఆ రోజుల్లోనే మన జబ్బూ దాటింది.

ఇక మనిషి దగ్గరికి వద్దాం. ప్లౌరైట్ 1923లో లింకన్‌షైర్‌లోని హోల్‌బీచ్‌లో పుట్టాడు. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో చదివి 1944లో పట్టా తీసుకున్నాడు. యుద్ధకాలం. సైన్యం పశువైద్య విభాగంలో చేరితే కెన్యా పంపారు. ఆ నేల ఆయన్ని పట్టుకుంది. 1950లో మళ్లీ ఆఫ్రికా ఉద్యోగంలోకే వచ్చాడు. నైజీరియాలోని వోమ్‌లో కొంతకాలం, తర్వాత ఎక్కువకాలం కెన్యాలో నైరోబీ దగ్గరున్న ముగుగా పరిశోధన కేంద్రంలో.

ఆయన వచ్చేనాటికి రిండర్‌పెస్ట్‌కి టీకాలు లేవా అంటే ఉన్నాయి. మన ముక్తేశ్వర్‌లోనే 1920ల్లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త వైరస్‌ని మేకల్లో పదేపదే పెంచి, దాని బలం తగ్గించి టీకా చేశాడు. అది లక్షల పశువులని కాపాడింది. ఆ గౌరవం దానికి ఇవ్వాలి. కానీ ఒక చిక్కుంది. మన నాటు పశువులు ఆ టీకాని తట్టుకునేవి. విదేశీ జాతులకి, సంకరజాతి ఆవులకి వేస్తే మాత్రం తీవ్రంగా జ్వరం వచ్చేది. కొన్నిసార్లు టీకాతోనే పశువు పోయేది. టీకా వేయించుకుంటే పశువు పోతుందన్న మాట ఒక్క ఊళ్లో పుడితే చాలు, పది ఊళ్లలో కొట్టాల తలుపులు మూసుకుంటాయి. ఇది మీకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి కావలసింది ఏమిటి? ఏ జాతి పశువుకి వేసినా, దూడకి వేసినా, చూడి ఆవుకి వేసినా హాని చేయని టీకా. ఒక్కసారి వేస్తే బతుకంతా పనిచేసే టీకా. పైగా చవకగా రావాలి.

ఆ రోజుల్లోనే వైరస్ విద్యలో ఒక పెద్ద మలుపు వచ్చింది. 1949లో అమెరికాలో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ అనే ముగ్గురు పోలియో వైరస్‌ని బతికున్న జంతువులో కాకుండా, గాజు గొట్టంలో పెంచిన కణాల మీద పెంచి చూపించారు. అంటే వైరస్ కోసం ఇక మేకలూ కుందేళ్లూ అక్కర్లేదు. ప్లౌరైట్ ఆ పద్ధతిని ముగుగాకి తెచ్చాడు. తోటి శాస్త్రవేత్త ఫెర్రిస్‌తో కలిసి దూడ మూత్రపిండాల నుంచి తీసిన కణాలని గాజులో పెంచాడు. గాజు అడుగున ఒకే ఒక్క పొరగా కణాలు పరుచుకుంటాయి. దాని మీద రిండర్‌పెస్ట్ వైరస్ వేస్తాడు. అది 1910 ప్రాంతంలో కెన్యాలోనే ఒక జబ్బు పశువు నుంచి తీసిన వైరస్. కబెటె అనే ప్రయోగశాల పేరుతో దాన్ని కబెటె ఓ అంటారు. మామూలు వైరస్ కాదు. పశువుకి ఎక్కిస్తే చంపేదే.

మైక్రోస్కోపు కింద చూస్తే కొద్ది రోజులకి ఆ పొరలో మార్పు కనిపిస్తుంది. పక్కపక్కనున్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్ద ముద్దలవుతాయి. ఒక్కో ముద్దలో బోలెడు కేంద్రకాలు. వైరస్ పట్టుకుందని గుర్తు అది. అప్పుడు ఆ ద్రవం కొంచెం తీసి, కొత్త గొట్టంలో పెంచిన తాజా కణాల మీద వేస్తాడు. మళ్లీ ఎదురుచూస్తాడు. మళ్లీ ముద్దలు. మళ్లీ కొత్త గొట్టం. ఇలా ఒకదాని తర్వాత ఒకటి. మధ్యమధ్యలో ఆ వైరస్‌ని పశువులకి ఎక్కించి, రోజూ జ్వరం చూస్తాడు. మొదట్లో జ్వరాలు వచ్చాయి. మార్పిడులు పెరిగేకొద్దీ జ్వరం తగ్గుతూ వచ్చింది. చివరికి పశువుకి ఏమీ కాలేదు. జ్వరం లేదు, నోట్లో పుండు లేదు, పారుడు లేదు. కానీ తర్వాత అసలు వైరస్ ఎక్కించినా ఆ పశువు చలించలేదు. గాజు కణాల మీద బతకడం అలవాటైన వైరస్ పశువుని చంపే గుణం పోగొట్టుకుంది. ఒంటికి రక్షణ నేర్పే గుణం మాత్రం పోగొట్టుకోలేదు.

ఎన్ని మార్పిడుల తర్వాత? దాదాపు తొంభై. అవును, సుమారు 90 సార్లు. అలవాటు తప్పినా వైరస్ మళ్లీ పాత గుణానికి తిరగకూడదు కదా. అందుకని తొందరపడలేదు. ఇందులో ఆయన తెలివికన్నా ఓపిక నాకు ఎక్కువ అనిపిస్తుంది. ఫలితం వచ్చిందనిపించాక కూడా ఇంకా పరీక్ష పెట్టడం చాలా కష్టమైన పని. 1962లో ఆ టీకా వివరాలు ప్రచురించారు. ఒక్క టీకా, బతుకంతా రక్షణ. ఏ జాతి పశువుకైనా సరే. టీకా వేసిన పశువు నుంచి పక్క పశువుకి పాకదు. మన దేశంలో జెర్సీ, హోల్‌స్టీన్ సంకరాలు పెరుగుతున్న కాలంలో అలాంటి టీకా దొరకడం ఎంత పెద్ద సంగతో పాడి రైతులకి తెలుస్తుంది.

చాలామంది ఆయన కథని ఇక్కడ ఆపేస్తారు. టీకా కనిపెట్టాడు, జబ్బు పోయింది అంటారు. నాకు అసలు కథ ఇక్కడినుంచే మొదలవుతుంది. ఎందుకంటే మొదట చెప్పిన ప్రశ్న అలాగే ఉంది. జబ్బు లేని రోజుల్లో జబ్బు ఎక్కడుంటుంది?

తూర్పు ఆఫ్రికాలో అందరూ అనేది ఒకటే. అడవిలో ఉంటుంది. సెరెంగెటి మైదానాల్లో లక్షల వైల్డ్‌బీస్ట్‌లు తిరుగుతాయి. ఆవుకీ జింకకీ మధ్యలా ఉండే జంతువులు. అడవి దున్నలూ ఉన్నాయి. వాటికీ రిండర్‌పెస్ట్ వస్తుంది. ముఖ్యంగా ఏడాది వయసు పిల్లలు చచ్చిపోతుంటాయి. మరి మనం ఊళ్లో పశువులన్నిటికీ టీకా వేసినా, అడవిలో వైరస్ మిగిలి ఉంటే ఏం లాభం? అడవి జంతువులకి టీకా వేయగలమా? చాలామంది అక్కడే ఆశ వదులుకున్నారు.

ప్లౌరైట్ ఆశ వదలలేదు, ఊహతో వాదించనూ లేదు. వెళ్లి రక్తం తీశాడు. అడవి జంతువుల రక్తం. ఒకసారి రిండర్‌పెస్ట్ వచ్చి తగ్గిన జంతువు రక్తంలో దానికి వ్యతిరేకంగా తయారైన రక్షక పదార్థాలు బతుకంతా ఉంటాయి. పళ్లు చూసి జంతువు వయసు తెలుసుకోవచ్చు. ఈ రెండూ కలిపితే ఏ ఏడు పుట్టిన పిల్లలకి జబ్బు తగిలిందో, ఏ ఏడు పుట్టినవాటికి తగల్లేదో తెలిసిపోతుంది. ఎంత సులువైన ఆలోచనో చూడండి.

ఏం తేలింది? ఆ ప్రాంతంలో ఊరి పశువులకి టీకాలు ఉధృతంగా వేశాక, 1963 తర్వాత పుట్టిన వైల్డ్‌బీస్ట్‌ల రక్తంలో రిండర్‌పెస్ట్ జాడ లేదు. ఒక్కదానికి కూడా అడవిలో టీకా వేయలేదు. మళ్లీ చెబుతాను. అడవిలో ఒక్క జంతువుకీ టీకా వేయలేదు. వేసింది ఊరి పశువులకి. బాగుపడింది అడవి. అంటే జబ్బు అడవినుంచి ఊరికి రావడం లేదు. ఊరినుంచి అడవికి వెళ్తోంది. ఊరి మందల్లో ఆగితే అడవిలో దానంతట అది ఆరిపోతుంది.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1961లో సెరెంగెటిలో వైల్డ్‌బీస్ట్‌లు సుమారు 2 లక్షల 60 వేలు. 1970ల చివరికల్లా 13 లక్షలు దాటాయి. ఇవాళ టీవీల్లో నది దాటే ఆ మహా మందలని చూసి మనం ఆశ్చర్యపోతుంటాం. ఆ మందలు అంతగా పెరగడంలో ఊరి ఆవు మెడ మీద పొడిచిన సూదికి పెద్ద పాత్ర ఉంది.

అయితే శ్రోతలారా, అన్ని వైరస్‌లకీ ఒకే జవాబు ఉండదు. అదే ప్లౌరైట్, అదే వైల్డ్‌బీస్ట్, ఇంకో జబ్బు. ఈసారి జవాబు తలకిందులైంది.

మసాయి కాపరులకి ఒక జబ్బు తెలుసు. పశువుకి విపరీతమైన జ్వరం, ముక్కు కారడం, కళ్లలో నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మడం. వస్తే దాదాపు బతకదు. శాస్త్రవేత్తలు దీన్ని మాలిగ్నెంట్ కటారల్ ఫీవర్ అంటారు. విచిత్రమేమిటంటే, ఇది ఒక ఆవునుంచి పక్క ఆవుకి అంటదు. మరి ఎక్కడినుంచి వస్తోంది? మసాయిలు చెప్పేవాళ్లు: వైల్డ్‌బీస్ట్‌లు ఈనే కాలంలో వాటి దగ్గర మేపితే వస్తుంది. అందుకని ఆ నెలల్లో పచ్చగా ఉన్న మంచి మేతబీడు వదిలేసి, మందలని దూరంగా తోలుకుపోయేవాళ్లు. కళ్లెదుట గడ్డి ఉండి, పశువులని ఎండుమేతకి తోలాలంటే ఏ కాపరికైనా మనసొప్పదు. తాతముత్తాతల అనుభవం ఉంటేనే ఆ పని చేస్తారు.

చదువుకున్నవాళ్లు దాన్ని మూఢనమ్మకం అని కొట్టేయవచ్చు. ప్లౌరైట్ కొట్టేయలేదు. వాళ్ల మాట పట్టుకుని వెతికాడు. 1960లో వైల్డ్‌బీస్ట్ నుంచే ఆ వైరస్‌ని వేరుచేసి చూపించాడు. హెర్పిస్ జాతి వైరస్ అది. వైల్డ్‌బీస్ట్‌కి ఏ హానీ చేయదు. పిల్ల పుట్టిన మొదటి మూడు నెలల్లో దాని ముక్కు, కళ్ల స్రావాల్లో వైరస్ ఎక్కువగా వస్తుంది. ఆ స్రావాలు పడ్డ గడ్డి మేసిన ఆవుకి ప్రాణాంతకం. కాపరులు చూపిన కాలం సరైనదే, చూపిన జంతువూ సరైనదే. ఇక్కడ జబ్బు నిజంగానే అడవిలో ఉంది. దూరంగా ఉండటమే మందు. మసాయిలు అప్పటికే చేస్తున్న పని అది.

మూడో కథ పందులది. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు వస్తే పెంపుడు పందులు గుంపులుగా చస్తాయి. ఈ మధ్య 2020లో మన అస్సాంలో కూడా బయటపడి ఈశాన్య రాష్ట్రాల పెంపకందార్లని కుదిపేసింది. ఆఫ్రికాలో వార్ట్‌హాగ్ అనే అడవిపందిలో ఈ వైరస్ ఉందని తెలుసు. దానికి ఏమీ కాదు. కానీ పెద్ద వార్ట్‌హాగ్ పక్కన పెంపుడు పందిని కట్టేసినా అంటడం లేదు. మరి ఎలా వస్తోంది? ప్లౌరైట్ బృందం టాంజానియాలో వార్ట్‌హాగ్‌లు పడుకునే బొరియల్లోకి చూసింది. ఆ మట్టిలో పిడుదులున్నాయి. మన పశువుల చెవుల్లో, పొదుగుల దగ్గర కరుచుకుని ఉండే గట్టి పిడుదులు కావు. మెత్తని ఒళ్లు, రాత్రిపూట రక్తం తాగి మళ్లీ మట్టిలో దాక్కునే రకం. వాటిని ఏరి పరీక్షిస్తే లోపల వైరస్ దొరికింది. 1969లో ఆ సంగతి ప్రచురించారు. అడవిపంది లేకపోయినా, ఊళ్లో పంది లేకపోయినా, నేల కింద పిడుదులో జబ్బు ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. ప్రశ్న ఒకటే. జబ్బు లేని రోజుల్లో జబ్బు ఎక్కడుంటుంది? రిండర్‌పెస్ట్‌కి జవాబు: ఊరి పశువుల్లోనే, ఒక మంద నుంచి ఇంకో మందకి తిరుగుతూ. రెండోదానికి జవాబు: అడవి జంతువులో. మూడోదానికి: మట్టిలోని పిడుదులో. జవాబు తెలిస్తేనే ఏ జబ్బుని తుడిచిపెట్టగలమో, ఏ జబ్బుకి దూరంగా మాత్రమే ఉండగలమో తెలుస్తుంది. రిండర్‌పెస్ట్‌ని భూమ్మీద లేకుండా చేయవచ్చన్న ధైర్యం అలా వచ్చింది. టీకా ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు.

ధైర్యం వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. 1962నుంచి ఆఫ్రికా దేశాలు ఉమ్మడిగా టీకాలు వేశాయి. జబ్బు దాదాపు కనుమరుగైంది. కనుమరుగైంది కదా అని డబ్బు ఆగిపోయింది, టీకాలు ఆగిపోయాయి. మిగిలిపోయిన రెండు మూడు మూలల నుంచి జబ్బు మళ్లీ లేచి 1980ల్లో ఖండంలో చాలా దేశాలని కమ్మింది. పైగా ఆ టీకాని చల్లగా ఉంచాలి. ఐస్ పెట్టెలో మోసుకెళ్లాలి. కరెంటు లేని, రోడ్డు లేని, తుపాకులు పేలుతున్న చోట ఐస్ ఎక్కడ? అప్పుడు అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ మారినర్ ప్లౌరైట్ వైరస్‌నే వేరే కణాల మీద పెంచి, ఎండబెట్టే పద్ధతి మార్చి, ఐస్ లేకపోయినా నెలరోజుల పాటు చెడని టీకా చేశాడు. దాన్ని కాపరులకే ఇచ్చి, సూది వేయడం నేర్పారు. ఏ మంద ఎక్కడ ఉందో, ఏ మందలో ఏ జబ్బు ఉందో డాక్టర్లకన్నా వాళ్లకే బాగా తెలుసు. డాక్టర్లు చేరలేని చోట్ల పని పూర్తిచేసింది ఆ కాపరులే.

మన దేశంలో 1954లో జాతీయ కార్యక్రమం మొదలైంది. నలభై ఏళ్లు పట్టింది. చివరిసారి జబ్బు కనిపించింది 1995లో, తమిళనాడులో. ఆ తర్వాత చేసిన పని వినడానికి విచిత్రంగా ఉంటుంది. టీకాలు వేయడం ఆపేశారు. ఎందుకు? టీకా వేసిన పశువు రక్తంలోనూ రక్షక పదార్థాలుంటాయి. అప్పుడు అవి టీకా వల్ల వచ్చాయో, దాగి ఉన్న వైరస్ వల్ల వచ్చాయో తెలియదు. టీకా ఆపి, కొత్తగా పుట్టిన దూడల రక్తం తీసి చూడాలి. జాడ కనపడకపోతే వైరస్ లేనట్టే. సెరెంగెటిలో వాడిన కిటుకే ఇది. ఊరూరా తిరిగి పశువైద్య సిబ్బంది రక్తం తీశారు. 2006లో మన దేశంలో రిండర్‌పెస్ట్ వైరస్ లేదని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది. ఏళ్ల తరబడి ఎండనపడి ఊళ్లు తిరిగిన ఆ కాంపౌండర్లు, డాక్టర్లు, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. నాకు వాళ్లంటే ప్లౌరైట్ అంటే ఎంత గౌరవమో అంత గౌరవం.

ప్రపంచంలో ఈ జబ్బు చివరిసారి 2001లో కెన్యాలో, అడవి దున్నల్లో కనిపించింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమ్మీద లేదని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత మనం పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు ఇది. పశువుల జబ్బుల్లో మొదటిది. ప్లౌరైట్‌కి 1999లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ప్రకటనకి ఒక్క ఏడాది ముందు, 2010 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. ఆ ఒక్క ఏడాది ఆయన ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంతా చెప్పింది పాత కథ అనుకోకండి. రిండర్‌పెస్ట్‌కి దగ్గర చుట్టం ఒకటి మన గొర్రెల్లో, మేకల్లో ఇంకా ఉంది. పి.పి.ఆర్. అంటాం. పారుడు రోగం అంటారు. అదే జ్వరం, అదే చీమిడి, అవే నోటి పుండ్లు, అదే పారుడు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువగా ఉన్నది తెలంగాణలో. తర్వాత ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఈ జబ్బు ముందు మన సమస్య. దీనికి మంచి టీకా ఉంది. 1996లో హిమాచల్‌లోని సుంగ్రి అనే చోట ఒక జబ్బు మేక నుంచి తీసిన వైరస్‌తో మన ముక్తేశ్వర్ శాస్త్రవేత్తలే చేశారు. ప్లౌరైట్ దారిలోనే, గాజులో కణాల మీద మార్చి మార్చి. ఒక్క టీకాతో ఏళ్ల తరబడి రక్షణ. 2030కల్లా ఈ జబ్బుని కూడా ప్రపంచంలో లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు.

కానీ గొర్రెలతో ఒక ఇబ్బంది ఉంది. ఆవు పదేళ్లు కొట్టంలో ఉంటుంది. గొర్రెల మందలో రెండు మూడేళ్లలో సగానికి సగం మారిపోతాయి. కొన్ని సంతకి పోతాయి, కొత్త పిల్లలు పుడతాయి. పోయినేడు మందకంతా టీకా వేయించినా, ఈ ఏడు పుట్టిన పిల్లలకి రక్షణ లేదు. పాలమూరు వైపు నుంచి మందలు మేతకోసం కృష్ణా, గోదావరి డెల్టాల దాకా తోలుకొస్తారు. దారిలో ఎన్నో మందలు కలుస్తాయి. జబ్బు లేని రోజుల్లో పి.పి.ఆర్. ఉండేది అక్కడే. ఒక మంద నుంచి ఇంకో మందకి, ఒక సంత నుంచి ఇంకో సంతకి తిరుగుతూ.

అందుకని గొర్రెల కాపరి సోదరులకి, అక్కచెల్లెళ్లకి రెండు మాటలు చెప్పి సెలవు తీసుకుంటాను. సంతలో కొన్న జీవాలని తెచ్చిన రోజే మందలో కలపకండి. రెండు మూడు వారాలు వేరే కట్టి చూడండి. పిల్లలకి మూడు నాలుగు నెలలు దాటాక టీకా తప్పకుండా వేయించండి, పోయినేడు మందకి వేయించామని ఆగకండి.

ఇంకొకటి. ఎప్పుడైనా పశుసంవర్ధక శాఖ వాళ్లు వచ్చి, ఏ జబ్బూ లేకుండా గంతులేస్తున్న గొర్రెపిల్ల దగ్గర కాస్త రక్తం అడుగుతారు. జబ్బు లేని దానికి రక్తం ఎందుకని మీకు అనుమానం రావడం న్యాయమే. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. జబ్బు జీవాన్ని చూస్తే జబ్బు ఉన్న చోటు తెలుస్తుంది. జబ్బు ఎక్కడ దాగుందో చెప్పేది ఆరోగ్యంగా ఉన్న పిల్ల రక్తమే. పిల్లని పట్టుకోండి, దాని వయసెంతో, మందలోనే పుట్టిందో సంతలో కొన్నదో సరిగ్గా చెప్పండి. టీకా వేయించారో లేదో, వేయిస్తే ఏ నెలలో వేయించారో కూడా చెప్పండి. మీరు చెప్పే ఆ వివరం లేకపోతే ఆ రక్తం సీసాకి విలువ లేదు.